ఇతరములు

మీ వంటింట్లో గరిటెలెన్ని వున్నాయో లేచి వెళ్ళి చూడకుండా చెప్పగలరా? పోనీ, గరిటెలు వదిలెయ్యండి. గిన్నెలెన్ని? వాటి మూతలెన్ని? గిన్నెల లెక్కా మూతల లెక్కా ఏ ఇంట్లోనూ కలవదని నాకూ తెలుసు కనక ఆ ప్రశ్నా మానేద్దాం. బీరువాలో పట్టుచీరలెన్ని? అటకమీద రగ్గులెన్ని? దేవుడి దగ్గర వెండి కుందులు ఎన్ని తులాలు తూగుతాయి?

"ఇదేం చోద్యమమ్మా! ఇంట్లో సామాన్లు లెక్కపెట్టుకుంటూ కూచోడానికి మాకు పనీపాటా లేదా?" అంటున్నారు కదూ. నేనూ అలా అన్నదాన్నే. 2022 జూలై పదహారో తారీకు దాకా అన్నాను. ఆ రోజు మా భద్రాచలంలో గోదావరి 71.3 అడుగులు వచ్చింది. ఆ తర్వాత మళ్ళీ ఆ మాట అనలేదు.

మా వూళ్ళో గోదావరిని అడుగుల్లో కొలుస్తారు. 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. వానాకాలం వచ్చిందంటే మిగతా వూళ్ళలో "వంటయిందా వదినా?" అని పలకరించుకుంటారు, మేం "ఎన్నడుగులుందిట?" అని పలకరించుకుంటాం. ఏటి గట్టున కరకట్ట వుంది, నిజమే. కానీ నది నిండి స్లూయిస్ గేట్లు మూశాక, వూళ్ళో పడ్డ వాన నీరు బైటికి పోయే దారి లేక పల్లపు వీధుల్లోకే వచ్చి కూచుంటుంది. మాది పల్లపు వీధి.

మా అత్తగారికి ఎనభయ్యారు వరదంటే నిన్నగాక మొన్న జరిగినట్టే. 1986 ఆగస్టు 16న గోదావరి 75.6 అడుగులు వచ్చింది. మా వూళ్ళో అంతకు మించిన వరద నమోదు కాలేదు. అప్పటికి ఆవిడ ముప్పయ్యయిదేళ్ళ ఇల్లాలు. నీళ్ళు తీశాక, ఎవరింట్లో ఏం పోయాయో రాసుకోవడానికి ఒక గుమాస్తాగారు వచ్చి అరుగుమీద కూచున్నారట. "మీ ఇంట్లో ఏమేం పోయాయండీ?" అని మా మామగారిని అడిగితే, ఆయన కాసేపు గడ్డం నిమురుకుని, "సైకిలు, రేడియో, గోడగడియారం, మడతమంచం... అంతేనండీ, ఇంకేముంది మా ఇంట్లో!" అన్నారట. తలుపు చాటునుంచి మా అత్తగారు రెండుసార్లు గొంతు సవరించుకున్నారట. ఆయన వినిపించుకోలేదు. గుమాస్తాగారు నాలుగు వస్తువులు రాసుకుని పక్కింటికి వెళ్ళిపోయారు.

ఆ రోజు ఆవిడ నోటిదాకా వచ్చి ఆగిపోయినవి ఇవాళ అడిగినా వరసగా చెబుతారు. పుట్టింటి ఇత్తడి బిందెలు రెండు, పెద్దదొకటి చిన్నదొకటి. పెళ్ళికి మేనమామ పెట్టిన రాగి కాగు. శ్రీరామనవమికి పానకం కలిపే గంగాళం. మరచెంబు. ట్రంకుపెట్టెతో సహా జరీ అంచు చీరలు అయిదు. పురిటికి వచ్చినప్పుడు వాళ్ళమ్మ పంపిన ఉయ్యాల గొలుసులు. తెల్ల జాడీలు మూడు, అందులో ఒకదాంట్లో ఆ ఏడాది ఆవకాయ. ఇన్నేళ్ళయినా ఒక్కటి మరిచిపోరు, ఒక్కటి కలిపి చెప్పరు. ఒక మనిషి గుండెలో ఇంత పెద్ద పట్టీ పెట్టుకుని బతుకుతూంటే, సర్కారు కాగితంలో నాలుగే నాలుగు వస్తువులు. అందులో ఆవిడవి ఒక్కటీ లేవు.

సరే, అది పాతకాలం, ఆడవాళ్ళు తలుపు చాటున నించునే రోజులు అంటారు. మరి నా సంగతి వినండి. నేను తలుపు చాటున నించోలేదు. అయినా అదే జరిగింది.

2022లో రెండో ప్రమాద హెచ్చరిక రాగానే మేం సామాను సర్దడం మొదలెట్టాం. మావారు టీవీని పసిబిడ్డలా ఎత్తుకుని అటకెక్కించారు. ఫ్రిజ్‌ని రెండు ముక్కాలి పీటలమీద నించోబెట్టారు. నేను సర్టిఫికెట్లూ, నగలూ, మందులూ, అత్తగారినీ తీసుకుని, వంతెనమీద రాకపోకలు ఆగిపోకముందే ఏరు దాటి కొత్తగూడెంలో మా ఆడపడుచుగారింటికి చేరాం. తిరిగొచ్చేసరికి దొడ్డి తలుపు వూడిపోయి వుంది. తేలేవి తేలిపోయాయి, తేలనివి ఒండ్రులో కూరుకుపోయాయి, కొన్నింటిని రెండు కాళ్ళవాళ్ళే మోసుకుపోయారు. ఫ్రిజ్ బోర్లా పడుకుని వుంది. బీరువా తలుపు బిగుసుకుపోతే గునపంతో తెరిచాం. చీరలన్నీ ఒకే రంగు, బురద రంగు. సన్నికల్లు మాత్రం ఎక్కడ పెట్టింది అక్కడే, "నాకేం!" అన్నట్టు కూచుంది.

ఇంటి అప్పు తీసుకున్నప్పుడు బ్యాంకువాళ్ళు ఇప్పించిన బీమా పాలసీ వుందని మావారికి అప్పుడు గుర్తొచ్చింది. ఆ కాగితం ఎక్కడుందీ? బీరువా అడుగు సొరుగులో. బీరువా ఎక్కడుందీ? నీళ్ళలో. పోనీ, బ్యాంకులో ఇంకో కాపీ వుంది కనక బతికిపోయాం. వారం తిరక్కుండానే సర్వేయరు వచ్చాడు. పాతికేళ్ళ కుర్రాడు, పాపం మంచివాడే. బురదలో చెప్పులు విడిచి మరీ లోపలికొచ్చాడు. ఫారం తీసి, "ఇంట్లో ఏమేం పోయాయి సార్?" అని మావారినే అడిగాడు.

మావారు గడ్డం నిమురుకున్నారు. నిమురుకోవడం అచ్చం మా మామగారిదే!

"ఫ్రిజ్, వాషింగ్ మెషీను, ఇన్వర్టరు, దాని బ్యాటరీ, కూలరు, కంప్యూటరు, సోఫా, డబుల్ కాట్, డైనింగ్ టేబులు, బోరు మోటారు" అన్నారు. పది. తర్వాత నా మొహం చూసి, "ఇంకేముందే మనింట్లో?" అన్నారు.

నేను మొదలెట్టాను. గ్రైండరు, మిక్సీ, కుక్కర్లు మూడు, స్టీలు డబ్బాల సెట్టు, ఇడ్లీ పాత్ర... అంటూ పోతూంటే ఆ అబ్బాయి కలం ఆగింది. "అమ్మా, మీరు చెప్పేది నిజమే కావచ్చు. కానీ ఇక్కడ కనబడ్డం లేదు. బిల్లులున్నాయా? ఫోటోలున్నాయా? పోనీ ఎక్కడన్నా రాసుకున్నారా?" అన్నాడు. ఏం చెప్పను? ముప్పయ్యేళ్ళ కాపురం నా తలలో రాసుకున్నాను నాయనా అని చెప్పనా? అతను ఫారం చివర్న ఒక గడి చూపించి, "ఇందులో వేద్దాం లెండి" అని పదకొండో వస్తువు రాశాడు. "ఇతరములు: వంటసామాను వగైరా, 5,000 రూపాయలు."

ఆ గడి పేరే ఈ వ్యాసానికి పెట్టాను. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. రాసి లేనిదాన్ని అతను మాత్రం ఎలా రాస్తాడు? నా కోపమంతా మన మీదే. తెల్లారి లేచిందగ్గర్నుంచి మనం ముట్టుకునే ప్రతి వస్తువూ "ఇతరములు" అయిపోతూంటే చూస్తూ వూరుకున్న మన మీద.

అసలు నష్టం ఆ రోజు తెలియనేలేదు. ఫారం పంపేశాక శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీ వ్రతానికి కలశం చెంబు కోసం చెయ్యి చాపితే లేదు. చవితికి పాలవెల్లి లేదు. చలి మొదలయ్యాక రగ్గులు గుర్తొచ్చాయి. సంక్రాంతికి అరిసెలు వొత్తే చెక్కలూ లేవు, జంతికల గొట్టమూ లేదు. శ్రీరామనవమికి కల్యాణం చూడ్డానికి వచ్చిన చుట్టాలకి పానకం కలుపుదామంటే గంగాళం లేదు. ఎనభయ్యారులో ఒకటి పోతే అత్తగారు మళ్ళీ కొనుక్కున్నది, అదీ పోయింది. ఎండాకాలంలో జాడీలు. వరద నాలుగు రోజుల్లో తీసింది గానీ, నష్టం పండగ పండగకీ వస్తూనే వుంది. గుర్తొచ్చినప్పుడల్లా క్యాలెండరు వెనక పెన్సిలుతో రాస్తూ వచ్చాను. ఏడాది తిరిగేసరికి 164 వస్తువులయ్యాయి. కొత్తవి కొనాలంటే ఎంతవుతుందో వేసి చూస్తే 80,000 దాటింది. పాలసీ ప్రకారం క్లెయిము పెట్టడానికి గడువేమో, నష్టం చూసిన దగ్గర్నుంచి ముప్పయి రోజులు!

అందుకే అంటున్నాను. ఇంటి సామానుకి పట్టీ రాయండి. రాయాల్సింది మీరే. మొగవాళ్ళకి అప్పగించారో, పది వస్తువులూ ఒక "ఇతరములూ" వస్తాయి.

ఈ మాట నలుగురిలో అన్నప్పుడల్లా నాలుగు రకాల జవాబులు వచ్చాయి. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది మా అత్తగారిది, మీ అత్తగారిది కూడానేమో. "వున్నవి లెక్కపెట్టకూడదే, దిష్టి తగుల్తుంది. పోతాయని ముందే రాసుకోవడం అశుభం." ఔనా? మరి పెళ్ళిలో చదివింపుల పుస్తకం ఎందుకు రాస్తాం? ఎవరు స్టీలు డబ్బా ఇచ్చారో, ఎవరు నూటపదహార్లు చదివించారో ఆ పుస్తకంలో వుంటుంది. పాతికేళ్ళయ్యాక వాళ్ళింట్లో పెళ్ళయితే, అది తీసి చూసి సరిగ్గా అంతే తిరిగి చదివించే జాతి మనది! సారె పెట్టేటప్పుడు చలిమిడి దగ్గర్నుంచి చాపదాకా పట్టీ రాయమా? పాల లెక్క, చాకలి పద్దు, చీటీల లెక్క ఇవన్నీ రాసేదెవరు? ఇంకొకళ్ళకి ఇచ్చేవీ, ఇంకొకళ్ళు ఇచ్చినవీ రాస్తే తగలని దిష్టి, మనకున్నది రాసుకుంటేనే తగుల్తుందా?

అంతెందుకు, మా వూరి రామదాసుగారినే చూడండి. పాల్వంచ పరగణా తహశీల్దారు కంచర్ల గోపన్న, సర్కారు సొమ్ముతో రాముడికి గుడి కట్టించి, నగలు చేయించి, గోల్కొండ చెరసాలలో పడ్డాడు. అక్కడ కూచుని "ఇక్ష్వాకు కులతిలక" అనే కీర్తనలో ఆయన చేసిందేమిటి? సీతమ్మకి చింతాకు పతకం, భరతుడికి పచ్చల పతకం, లక్ష్మణుడికి ముత్యాల పతకం, రాముడికి కలికితురాయి అంటూ ఏ నగ ఎవరికి చేయించాడో, దేనికెంత అయిందో దేవుడికే పద్దు చదివి వినిపించాడు. వస్తువు, ఎవరిది, ఖరీదు, మూడు గళ్ళూ నింపాడు. ఆ లెక్కకి దేవుడికి దిష్టి తగల్లేదు. ఆ నగల్లో కొన్ని ఇప్పటికీ గుళ్ళో వున్నాయి, కల్యాణం రోజున లోకమంతా చూస్తుంది. సీతమ్మవారి చింతాకు పతకానికి పద్దు వుండగా లేనిది, మన చింతపండు జాడీకి వుంటే వచ్చిన అశుభమేమిటి?

రెండో జవాబు మొగవాళ్ళది. "ఏముందే మనింట్లో?" ఈ ప్రశ్న జవాబు కోసం అడిగింది కాదు. వున్నదంతా ఎదురుగా కనబడుతూనే లేదనిపించడం ఆ ప్రశ్న పని. అమ్మకానికి పెడితే డబ్బొచ్చేదే సామానని వాళ్ళ లెక్క. బూర్ల మూకుడు ఎవరు కొంటారు? ఎవరూ కొనరు. కానీ పోతే మనం కొనుక్కోవాలి. ఈ తేడా వాళ్ళకి తెలియకపోవడానికి కారణం, కొనుక్కోవాల్సొచ్చినప్పుడు ఆ డబ్బు ఇంటి ఖర్చులోంచి, అంటే మన చేతి కింది డబ్బులోంచి, పదీ యాభై చొప్పున చప్పుడు కాకుండా పోతుంది. వాళ్ళ ఫ్రిజ్‌కి బీమా కంపెనీ ఇచ్చింది. నా జంతికల గొట్టానికి నేనే ఇచ్చుకున్నాను, కూరల డబ్బులు మిగిల్చి.

మూడో జవాబు లోకజ్ఞానం గలవాళ్ళది. "బీమావాళ్ళు కట్టించుకునేటప్పుడే గానీ, ఇచ్చేటప్పుడు ఇస్తారా?" ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే ఇవ్వకపోవడానికి మనమే ఎంత వీలు కల్పిస్తున్నామో కూడా చూడాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి "భారత్ గృహ రక్ష" అని ఇళ్ళకి ఒకే తీరు పాలసీ వచ్చింది. బీమా నియంత్రణ సంస్థ షరతులు రాసి, అగ్నిబీమా వ్యాపారం చేసే కంపెనీలన్నీ ఇది అమ్మాలంది. నిప్పు, పిడుగు, తుఫాను, వరద, భూకంపం అన్నీ ఇందులోకి వస్తాయి. వరదకి ఇల్లొదిలి పోయినప్పుడు, దాన్ని ఆసరా చేసుకుని వారం రోజుల్లోగా జరిగే దొంగతనం కూడా వస్తుంది. అద్దెకున్నవాళ్ళు గోడల సంగతి ఇంటివాళ్ళకి వదిలేసి సామానుకి మాత్రమే తీసుకోవచ్చు. సామాను పూర్తిగా పోతే, అలాంటిదే మళ్ళీ కొనడానికి అయ్యే ఖర్చు లెక్కన ఇవ్వాలి. ఇవన్నీ మన మేలుకే. కాకపోతే నగదూ, కాగితాలూ, బిళ్ళ బంగారం, వాహనాలూ ఇందులోకి రావు. నగలూ వెండీ కావాలంటే విడిగా చెప్పి చేర్పించుకోవాలి. మొత్తం 5 లక్షలు దాటకుండా, ఏ ఒక్క వస్తువూ లక్ష దాటకుండా వుంటే విలువ సర్టిఫికెట్ కూడా అడగరు. ఈ ముక్కలు పాలసీలో వున్నాయి. మా పాలసీ తడిశాక గానీ నేను చదవలేదు!

నాలుగో జవాబు ఇంకా తెలివైనవాళ్ళది. "ఇంటికి పాలసీ తీసుకుంటే, ఆ మొత్తంలో నూటికి 20 వంతున, 10 లక్షలకి మించకుండా సామానుకి బీమా దానంతటదే వస్తుందిటగా. వివరాలే అక్కర్లేదుటగా. ఇంక పట్టీ దేనికి?" వివరాలు అక్కర్లేనిది తీసుకునేటప్పుడు తల్లీ! పోయాక అడిగేటప్పుడు ఏం పోయిందో చెప్పాలా వద్దా? "నాకు 10 లక్షలదాకా హక్కుంది" అంటే సర్వేయరు కాదనడు. "అందులో ఏముంది?" అంటాడు. అప్పుడు మన దగ్గర జవాబుండాలి. నా దగ్గర లేదు కనకే 164 వస్తువులు 5,000 రూపాయలయ్యాయి.

ఇంక సర్కారువారి సాయం మాటంటారా? 2022లో వరద తగిలిన ప్రతి కుటుంబానికీ 10,000 రూపాయలూ, రెండు నెలలపాటు నెలకి 20 కిలోల బియ్యమూ ప్రకటించారు. పూట గడవడానికి అది కావాల్సిందే, కాదనను. కానీ ఆ సాయం గడపలు లెక్కపెడుతుంది, గడప లోపల ఏముందో అడగదు. అడగాల్సిన అవసరమూ దానికి లేదు. గుడిసెలో వున్నవాళ్ళ దాకా ఈ గృహబీమా ఏజెంటు అసలు రానేరాడు. వాళ్ళకి ఆ గడప లెక్కే దిక్కు. ఏజెంటు మన గుమ్మం దాకా వచ్చి, ప్రీమియం కట్టించుకుని, కాగితం చేతికిచ్చాక కూడా ఏం పోయిందో చెప్పలేకపోతే ఆ తప్పు ఎవరిది?

ఇంకో సంగతి. ఈ పట్టీ వరదకే కాదు, నిప్పుకే కాదు. ఆడదానికి రాకూడని రోజులు వేరేవి కూడా వుంటాయి. పెళ్ళిలో కూతురికిచ్చిన కానుకలకి జాబితా రాయాలని 1985 అక్టోబరు 2 నుంచి అమల్లోకొచ్చిన వరకట్న నిషేధ నియమాలు చెబుతున్నాయి. వస్తువేమిటి, సుమారు విలువెంత, ఎవరిచ్చారు, వాళ్ళేమవుతారు, ఇవన్నీ రాసి, ఇద్దరూ సంతకాలు చెయ్యాలి. పెళ్ళికూతురికిచ్చిన వాటి జాబితా పెళ్ళికూతురి దగ్గరే వుండాలి. అదే ఏడాది సుప్రీంకోర్టు ప్రతిభారాణి కేసులో, స్త్రీధనం భార్యదే, అత్తవారింట్లో వున్నంత మాత్రాన భర్తది అయిపోదని తీర్పు చెప్పింది. చట్టమూ వుంది, తీర్పూ వుంది. మనలో ఎంతమంది దగ్గర ఆ కాగితం వుందో చెయ్యెత్తండి చూద్దాం. నేనూ ఎత్తలేదు. చదివింపుల పుస్తకం భద్రంగా వుంది, నాకు పెట్టిన వాటి పట్టీ మాత్రం ఏనాడూ లేదు.

సరే, ఎలా రాయాలి? నేను రాసిన పద్ధతి చెబుతాను, ఇంతకన్నా మంచిది మీకు తోస్తే అలాగే రాసుకోండి. గదికో పేజీ. వంటింటికి నాలుగు పేజీలు వదలండి, సరిపోకపోతే నన్నడగండి. వస్తువు పేరు, ఎన్ని, ఏ ఏడాది కొన్నది, ఎంతకి కొన్నది, ఇవాళ కొనాలంటే ఎంత. విలువ తెలియకపోతే సుమారుగా వెయ్యండి, ఖాళీ మాత్రం వదలొద్దు. ఫ్రిజ్ లాంటి వాటికి వెనకవైపు అంటించిన నంబరు రాయండి. తర్వాత ఫోనుతో ఫోటోలు తియ్యండి. గదికి నాలుగు మూలల్నుంచీ, బీరువా తలుపులు బార్లా తీసీ, వంటింటి గూళ్ళు ఒక్కొక్కటీ. ఫోటో కోసమని సర్దక్కర్లేదు, వున్నది వున్నట్టు చాలు.

బిల్లులు జాగ్రత్త. ఈ రోజుల్లో కొట్లో ఇచ్చే బిల్లు రెండేళ్ళు తిరిగేసరికి తెల్లకాగితమై వూరుకుంటుంది. ఇంటికి రాగానే ఫోటో తియ్యండి. బిల్లేమిటి, రసీదేమిటి అని తేలిగ్గా తీసెయ్యకండి. రామలక్ష్మణులు తానీషా దగ్గరికెళ్ళి ఆరు లక్షలూ లెక్కపెట్టి ఇచ్చి, ఆ సొమ్ముకి రసీదు పుచ్చుకుని, తెచ్చి రామదాసు తలకింద పెట్టి వెళ్ళారని కదూ మనవాళ్ళు చెప్పుకునేది! దేవుడంతటివాడే "నేనిచ్చానంటే నమ్మవా" అనలేదు, రసీదు అడిగాడు.

అన్నిటికన్నా ముఖ్యం. పట్టీ ఇంట్లో వుంచకండి. ఇంట్లో వున్న పట్టీ ఇంటితోపాటే మునుగుతుంది. ఒకటి ఫోనులో, ఒకటి ఈమెయిల్లో, ఒకటి వేరే వూళ్ళో వున్న అక్కచెల్లెలి దగ్గరో, ఆడపడుచు దగ్గరో. మాది కొత్తగూడెంలో వుంది. ఏటా ఒకసారి తిరగరాయాలి. మా వైపు గోదావరి లేచేది జూలై, ఆగస్టుల్లో. కనక ఆవకాయ జాడీలకి వాసెన కట్టిన వారంలోనే, మృగశిర కార్తె రాకముందే, నేను పుస్తకం తీస్తాను. జాడీలు ఎలాగూ చేతికింద వుంటాయి, వాటితోనే మొదలు.

బీమా కంపెనీలవాళ్ళకి కూడా ఒక మాట. అయ్యా, మీ ఫారంలో ఎలక్ట్రానిక్సుకో గడి, ఫర్నిచరుకో గడి, బట్టలకో గడి పెట్టారు. ఇంట్లో అన్నం వండే గది ఒకటి వుంటుందని మీకు ఎవరూ చెప్పలేదా? "వంటింటి సామాను" అని ఇంకొక్క గడి పెడితే మీ కాగితం చిరిగిపోదు. మీ సర్వేయరు వచ్చినప్పుడు "ఏమేం పోయాయి సార్?" అని మొదలెట్టకుండా, ఒక్కసారి "అమ్మా, మీరు చెప్పండి" అని మొదలెట్టమనండి. పట్టీ తెచ్చి చేతిలో పెడతాం.

మా పుస్తకం 2023 వేసవిలో మొదలెట్టాను. దిష్టి అన్న మా అత్తగారు రెండు రోజులు మొహం అటు తిప్పుకు కూచున్నారు. మూడోనాడు నేను వంటింటి పేజీలు రాస్తూంటే, పీట దగ్గరికి లాక్కుని, "నావి కూడా రాస్తావా?" అన్నారు.

"మీవేమిటత్తయ్యా? అన్నీ కలిపే రాస్తున్నాగా?"

"ఇప్పటివి కాదే. ఎనభయ్యారువి."

వాటికి ఏ కంపెనీ ఏమీ ఇవ్వదని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆవిడ చెప్పారు, నేను రాశాను. ఇత్తడి బిందెలు రెండు, పెద్దదొకటి చిన్నదొకటి. రాగి కాగు, మేనమామ పెట్టింది. గంగాళం. మరచెంబు... మొత్తం 43 వచ్చాయి. "ఇంకేమన్నా వున్నాయా?" అంటే కళ్ళు మూసుకుని ఒకసారి ఆ పాత ఇల్లంతా తిరిగొచ్చినట్టు వూరుకుని, "లేవు, అంతే" అన్నారు. ఆ పేజీ మా పుస్తకంలో మొదటిది.

సాయంత్రం మావారు పుస్తకం తిరగేసి, "ఇవన్నీ మనింట్లో వున్నాయిటే?" అన్నారు ఆశ్చర్యంగా.

వున్నాయండీ. మీ ఇంట్లోనూ వున్నాయి తల్లీ. పత్రిక పక్కన పెట్టి లేవండి. ముందు గరిటెలు.